ఎదురేగు లెక్క



బీజగణితమనగానే అది బడిపిల్లల పలకమీది వ్యవహారమని మనము ప్రక్కకు త్రోయుదుము. నేనును చిరకాలమట్లే తలచితిని.

ఒకనాటి రాత్రి ఉద్దానపు కొబ్బరితోటల నడుమ బంధువులయింట నుంటిని. అచ్చట వృద్ధులగు మా మామగారికి ఊపిరి యాడుట కష్టమాయెను. 108కి ఫోను చేసితిమి. పలాసనుండి అంబులెన్సు బయలుదేరినదనిరి. ముంగిట ఆటో యున్నను మేమందరము అరుగుమీద కూర్చుండి వీధివంక చూచుచుంటిమి. మామగారు కోలుకొని యింటికి వచ్చిరి. కాని ఆ నిరీక్షణము నన్ను విడువలేదు. ఎదురేగియుండిన నెంత కాలము మిగిలియుండెడిది? మరునాడు కాగితము తీసికొంటిని.

దూరము 24 కిలోమీటర్లు. గంటకు అంబులెన్సు 40, ఆటో 20 కిలోమీటర్లు పోవుననియు, రెండు నొక్కసారే బయలుదేరుననియు అనుకొందము. ఊరక వేచినచో అంబులెన్సు వచ్చుటకు 36 నిమిషములు, మరల పలాస చేరుటకు 36, వెరసి 72 నిమిషములు.

ఎదురేగినచో నెంతసేపటికి కలిసికొందుము? అది తెలియదు. తెలియనిదానికి ముందుగా నొక పేరు పెట్టుటయే బీజగణిత మార్గము. 12వ శతాబ్దమున భాస్కరాచార్యులు దానిని యావత్తావత్తు అనిరి. అనగా ఎంతయో అంత. పొట్టిగా ‘యా’ యందము. పేరు పెట్టినంతనే దానిని తెలిసిన సంఖ్యవలె కూడుటకును, తీసివేయుటకును వీలగును.

‘యా’ గంటలలో అంబులెన్సు 40 యా, ఆటో 20 యా కిలోమీటర్లు పోవును. కలిసికొన్నప్పుడు ఈ రెండును చేరి దారి యంతయు నగును. కావున 60 యా = 24. అప్పుడు యా = గంటలో అయిదింట రెండు పాళ్లు, అనగా 24 నిమిషములు. ఆటో 8, అంబులెన్సు 16 కిలోమీటర్లు నడచును. కూడి చూడుడు, 24 సరిపోయినది. అచ్చటినుండి పలాసకు మరి 24 నిమిషములు, వెరసి 48. ప్రాణవాయువు 12 నిమిషములు ముందుగా నందును; ఆసుపత్రి 24 నిమిషములు ముందుగా చేరుదుము.

అయితే నొక హెచ్చరిక. ఇరువురు నొకే దారిని వచ్చుచున్నారని సమీకరణమునకు మనమే చెప్పితిమి. ఒకరు మందస దారిని, మరియొకరు వజ్రపుకొత్తూరు దారిని పోయినచో కలయికయే లేదు. కావున అంబులెన్సు వారితో ముందు మాటాడవలెను. రోగిని కదల్పవచ్చునా, ఏ దారి, ఏ గుర్తువద్ద నిలువవలెను, ఈ మూడును వారినడిగి నిశ్చయింపవలెను. కదల్పరాదన్నచో ఇంటనే యుండుట మేలు.

ఈ విద్య మనకు క్రొత్తది గాదు. 9వ శతాబ్దమున మహావీరాచార్యులు రచించిన గణితసారసంగ్రహమును, సుమారు 11వ శతాబ్దమున పావులూరి మల్లన తెనిగించెను. మన భాషలో లెక్కలకు అంతటి ప్రాచీనత గలదు.

మీ యూరినుండి పలాసకును టెక్కలికిని దూరమెంతో, ఆ దారిలో బండి గంటకెంత పోవునో నేడే విచారించి గోడమీద వ్రాసియుంచుడు. ఆపద వచ్చిన రాత్రి అరుగుమీద కూర్చుండి లెక్క కట్టుటకు మనసు నిలువదు.