పేర్లు వేరు, గోలీ ఒక్కటే



మన క్యాంపుల్లో ఏ రూముకు పోయినా తలగడ పక్కన పనాడాల్ పట్టీ కనబడుతుంది. తలనొప్పికి అదే, జ్వరానికి అదే, ఎండలో పనిచేసి పట్టేసిన నడుముకూ అదే. డ్యూటీకి పోకుంటే జీతం కట్ అవుతుందని, ఒకటి వేసుకునే కాడ రెండు వేసుకుంటున్నాం.

పనాడాల్‌లో ఉన్న మందు పారాసిటమాల్. ఊరి నుంచి తెచ్చుకున్న డోలోలోనూ అదే. చాలా జలుబు గోలీల్లోనూ అదే కలిసి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు 24 గంటల్లో 4,000 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒకసారి లెక్క వేద్దాం. పొద్దున రెండు డోలో 650లు, మధ్యాహ్నం రెండు పనాడాల్ 500లు, సాయంత్రం 500 ఉన్న జలుబు గోలీలు రెండు, రాత్రి మళ్లీ రెండు డోలోలు. మొత్తం 4,600. ఏదీ ఎక్కువ వేసుకోలేదనే అనుకుంటాం, కానీ హద్దు దాటేశాం.

హద్దు దాటితే ఏమవుతుంది? ఈ మందులో ఎక్కువ భాగాన్ని కాలేయం, అదే లివర్, హాని లేకుండా మార్చి మూత్రంలో పంపేస్తుంది. కొద్ది భాగం మాత్రం విషంగా మారుతుంది. దాన్ని గ్లూటాథయోన్ అనే పదార్థం పట్టి విరిచేస్తుంది. గోలీలు మితిమీరితే ఆ నిల్వ అయిపోతుంది. అప్పుడు విషం కాలేయ కణాలకే అతుక్కుంటుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా ఆగిపోతాయి. శక్తి లేని కణం ఉబ్బి, పగిలి చనిపోతుంది. రోజూ తాగేవాళ్లకూ, సరిగా తిననివాళ్లకూ ఆ నిల్వ ముందే తక్కువ.

అసలు మోసం ఇక్కడుంది. మొదటి రోజు వాంతులు కావచ్చు, అసలేమీ తెలియకపోవచ్చు. రెండో రోజు తేలికైనట్టు అనిపించినా కుడిపక్క డొక్క కింద నొప్పి మొదలవుతుంది. మూడు, నాలుగు రోజులకు కళ్లు పచ్చబడతాయి, మాట తడబడుతుంది. అప్పటికి చాలా ఆలస్యం.

దీనికి విరుగుడు ఉంది. ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే మందు ఆ నిల్వను మళ్లీ నింపుతుంది. మింగిన 8 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. గంటలు దాటినా సరే, ఆస్పత్రికి పోవాల్సిందే. అప్పుల బాధతోనో, ఇంటి బెంగతోనో ఎవరైనా కావాలని మింగితే తిట్టకండి, ఒంటరిగా వదలకండి, "బాగానే ఉన్నాడు కదా" అని పడుకోబెట్టకండి. అంబులెన్సుకు సౌదీలో 997, దుబాయి, అబుదాబిల్లో 998, కువైట్‌లో 112, ఖతర్‌లో 999. ఖాళీ పట్టీలు కూడా వెంట తీసుకుపోండి. ఏ గోలీ, ఎన్ని, ఎన్ని గంటలకు అన్నది డాక్టరుకు చెప్పండి.

ఇకనుంచి మనం గోలీ కొనేముందు పట్టీ మీద పారాసిటమాల్ ఎంతుందో చూద్దాం. చదవరాని తోటివాళ్లకు చదివి చెబుదాం. రెండు గోలీల మధ్య కనీసం 4 గంటలు ఆగుదాం. మూడు రోజులైనా జ్వరం తగ్గకుంటే ఇంకో పట్టీ కొనొద్దు, క్లినిక్‌కు పోదాం. ఒక రోజు జీతం పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు.