బండి ఆయిల్ తాగుతోందా?



మనలో కొందరి ఇండ్లల్ల పాత కారు ఉంది. సంఘంలో అప్పు తీసుకొని కొన్నారు. భర్తో, కొడుకో కిరాయికి తోలుతున్నారు. దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట దిక్కు ఇటువంటి బండ్లు తిరుగుతూనే ఉంటాయి. కిస్తు కట్టేది మనం. కాబట్టి బండి సంగతి మనకూ తెలియాలి.

"బండి ఆయిల్ తాగుతోంది, ఇంజన్ విప్పాలి" అంటాడు మెకానిక్. విప్పితే వేలకు వేల రూపాయలు. నిజంగా విప్పాలా? ఈ రోజు ఆ సంగతే చెప్పుకుందాం.

పెట్రోలు, డీజిల్ కాలడానికే పోస్తాం. ఇంజన్ ఆయిల్ కాలడానికి కాదు. ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టేవాళ్ళం కదా! ఇదీ అంతే. ఇనుము ఇనుమును తినకుండా కాపాడుతుంది. పాత లూనా బండి సంగతి వేరు. దాంట్లో ఆయిల్‌ను పెట్రోల్లోనే కలిపి పోసేవాళ్ళు. అది కాలాల్సిందే. కారులో అట్ల కాదు.

ఇంజన్ లోపల గొట్టం వంటి సిలిండర్ ఉంటుంది. అందులో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది, రోట్లో రోకలి లెక్క. పిస్టన్ చుట్టూ రింగులు ఉంటాయి. మన కాలి మెట్టె ఎట్ల ఉంటుంది? ఒక చోట తెగి ఉంటుంది. ఈ రింగూ అట్లనే ఉంటుంది. అది సిలిండర్ గోడకు ఆనుకొని, ఆయిల్‌ను కిందికి గీకేస్తుంది. రింగు అరిగితే ఆయిల్ పైకి పోయి కాలుతుంది.

ఇంకో దారి పైనుంచి. అక్కడ వాల్వులకు చిన్న రబ్బరు సీళ్ళు ఉంటాయి. అవి గట్టిపడి పగిలితే ఆయిల్ లోపలికి జారుతుంది. సీళ్ళ పని చిన్నది. రింగుల పని పెద్దది. అందుకే ఏది పోయిందో ముందు తేలాలి.

పొగ చూడండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. నల్ల పొగ వేరే రోగం. డీజిల్ ఎక్కువై, గాలి తక్కువైంది. తెల్ల పొగ ఆగకుండా వస్తే రేడియేటర్ నీళ్ళు లోపలికి పోతున్నాయేమో చూడమనాలి. చలికాలం పొద్దున కొంచెం ఆవిరి వస్తే భయం లేదు.

నీలం పొగ ఎప్పుడు వస్తోంది? పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పున వచ్చి పోతే సీళ్ళ మీద అనుమానం. శ్రీశైలం పోయేటప్పుడు దోమలపెంట దాటినంక ఘాటు దిగుతాం. డ్రైవరు కాలు తీసి, గేరు మీద బండిని దించుతాడు. కింద మళ్ళీ తొక్కగానే వెనక నీలం పొగ లేచిందా? అప్పుడూ ముందు సీళ్ళనే చూడమనండి. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు విడవకుండా వస్తే రింగుల మీద అనుమానం. డీజిల్ బండికి టర్బో ఉంటే, ఇంజన్ విప్పకముందే దాన్నీ చూడాలి. దాని నుంచి కూడా ఆయిల్ పోతుంది.

రింగులను తినేది ఎక్కువగా దుమ్ము. మన ఎర్రమట్టి బాటల మీద దానికి కొదువ లేదు. ఎయిర్ ఫిల్టర్ చినిగినా, దాని రబ్బరు గొట్టం పగిలినా దుమ్ము నేరుగా లోపలికి పోతుంది. విసుర్రాయిలో ఇసుక పడ్డట్టే! తండాలకు, చేన్లకు తిరిగే బండికి ఫిల్టర్ తొందరగా మార్చాలి.

ఇక లెక్క. ఇది డ్రైవరు కంటే మీరే బాగా చేస్తారు. పొద్దున, బండి స్టార్ట్ చేయకముందు, సాపు నేల మీద ఆయిల్ పుల్ల తీయండి. గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టి తీయండి. దాని మీద రెండు గీతలు ఉంటాయి. ఆయిల్ ఆ రెండింటి నడుమ ఉండాలి. కింది గీత దిగితే పోయాలి. పై గీత దాటి పోయొద్దు. ఎక్కువైనా కాలుతుంది.

నోటుబుక్కులో తేదీ, కిలోమీటర్లు, పోసిన ఆయిల్ రాయండి. 52,000 దగ్గర పై గీత దాకా నింపారనుకుందాం. 53,000 దగ్గర మళ్ళీ అదే గీతకు రావడానికి పావు లీటరు పట్టింది. పాత బండికి ఇది పెద్ద విషయం కాదు. పోసుకుంటూ తోలొచ్చు. వెయ్యి కిలోమీటర్లకు లీటరు దాటితే మాత్రం రిపేరు సంగతి ఆలోచించాలి. రాత్రి బండి కింద పాత అట్ట ముక్క పరచండి. తెల్లారి దాని మీద ఆయిల్ చుక్కలు ఉంటే ఆయిల్ కారుతోంది.

ఆయిల్ ఎర్ర లైటు వెలిగితే ఇంటిదాకా పోదామనుకోవద్దు. అక్కడే ఇంజన్ ఆపాలి.

మెకానిక్ దగ్గరకు నోటుబుక్కు తీసుకొని పోండి. సిలిండర్ల బిగువు మీటరు పెట్టి కొలవమనండి. అది కొలవకుండానే విప్పుతానంటే ఇంకో మెకానిక్‌నూ అడగండి. విప్పినంక అరిగిన రింగులు చూపించి, సంచిలో వేసి ఇమ్మనండి. బిల్లు మీద ఆ రోజు కిలోమీటర్ల అంకె కూడా రాయించుకోండి.