క్యాను నిండింది, పిల్లల గ్లాసు మాటేమిటి?



విశాఖ డెయిరీ 1973లో మొదలైంది. మనం పోసే పాలతోనే గాజువాకలో, ఉక్కునగరంలో టీ మరుగుతోంది. మంచిదే, చాలా ఇళ్లకు పాల బిల్లే దిక్కు. కానీ పితికిందంతా క్యానులో పోసేస్తే మన పిల్లలకు మిగిలేదేమిటి? కేంద్రంలో వెన్న శాతం చూసి ధర కడతారు. కాల్షియానికి ఎవరూ ధర కట్టరు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 200 మిల్లీలీటర్ల ఆవుపాలలో సుమారు 240 ఉంటుంది. పాలతోనే సరిపెట్టాలంటే నాలుగు గ్లాసులు తాగాలి. ఏ కూలి ఇంట్లో సాధ్యం? వంద గ్రాముల చోళ్లలో 340 పైనే ఉంది, మునగాకులో 300 దాటుతుంది. నువ్వుల్లో ఇంకా ఎక్కువ. ముల్లుతో సహా నమిలే ఎండు నెత్తళ్లూ మంచివే. పాలలోది ఒంటికి తేలిగ్గా పడుతుంది, చోళ్లలోది అంతగా పట్టదు. మొలకెత్తించినా, పులియబెట్టినా మెరుగు. మన పెద్దలు అంబలి పులియబెట్టింది ఊరికే కాదు.

ఈనిన ఆవు కాల్షియం తగ్గి పాల జ్వరంతో కూలబడితే రాత్రికి రాత్రే డాక్టరు కోసం పరిగెడతాం. ఇంట్లో బాలింత నడుం నొప్పంటే మాత్రం "అదే పోతుందిలే" అంటాం.

2023 మార్చిలో బడుల్లో రాగిజావ మొదలెట్టారు. ఆ చోళ్లు పాడేరు, అరకు రైతుల దగ్గరే కొనాలని మన డిమాండు. 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. కొనేవాడు లేనిచోట అది కాగితం మీది అంకే. మీ ఊళ్లో ఎన్ని బస్తాలున్నాయో, దళారి ఎంతకు అడిగాడో రాసి సంఘానికి పంపండి.