చుట్టరికాల దారిలో సువార్త

అధ్యక్షుడు ఎంత తక్కువ మాట్లాడితే సభకు అంత మేలని తెలుసు. అయినా ఒక్క విషయం కాస్త విడమరిచి చెప్పాలనుంది.

తెలుగు క్రైస్తవ చరిత్రను మనం దొరల పేర్లతో చెప్పుకోవడానికి అలవాటుపడ్డాం. 1840లో నెల్లూరు చేరిన శామ్యూల్ డే, 1841లో మచిలీపట్నంలో దిగిన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్, 1866లో ఒంగోలులో స్థిరపడ్డ జాన్ క్లౌ. వాళ్ల శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ దొర మాట పల్లెలోకి ఎవరి వెంట వెళ్లింది? ఎవరి అరుగు మీద కూర్చుంది? ఈ ప్రశ్నలు వేసుకుంటే చరిత్ర వేరేగా కనిపిస్తుంది.

నోబుల్ బడినే చూడండి. పై కులాల పిల్లలకు ఇంగ్లీషు చదువు చెబితే, వాళ్ల ద్వారా సువార్త కింది దాకా దిగుతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం కోసమే అంటరాని పిల్లల్ని బడిలోకి రానివ్వలేదు. 1850లలో కొద్దిమంది విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. వెంటనే తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించడంతో బడి ఖాళీ అయింది. బాప్తిస్మం పొందిన కుర్రాడు మిషనరీ బంగళాలో తలదాచుకున్నాడు. వాడి విశ్వాసంలో లోపమేమీ లేదు, వాళ్లలో కొందరు తర్వాత మంచి గురువులయ్యారు. అయితే తాను కనుగొన్నదాన్ని చెప్పుకోవడానికి వాడికి ఇల్లు లేదు. తల్లి మాట్లాడదు, మేనమామ గడప తొక్కనివ్వడు. కథ అక్కడే ఆగిపోయింది.

ఇప్పుడు ఎర్రగుంట్ల పేరయ్య దగ్గరికి రండి. తాళ్లకొండపాడు మాదిగపల్లెవాడు, తోళ్ల వ్యాపారి. అంతకుముందు రాజయోగ మార్గంలో నడిచిన మనిషి. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీల బోధ విన్నాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి ఒంగోలులో క్లౌ చేత బాప్తిస్మం తీసుకున్నాడు. తీసుకుని బంగళాలో ఉండిపోలేదు, ఇంటికి వెళ్లాడు. ఆయనకు అప్పటికే తోళ్లు అమ్మే పల్లెలున్నాయి, వియ్యమందిన ఇళ్లున్నాయి, రాజయోగంలో తోటి శిష్యులున్నారు. కొత్తగా ఎవరినీ పరిచయం చేసుకోవలసిన పనే పడలేదు. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు చేరేసరికి చుట్టుపక్కల పల్లెలవాళ్లు రోజుల తరబడి ఉండడానికి సిద్ధపడి వచ్చి చింతతోపులో కాచుకుని ఉన్నారు. ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం పొందారు. ఆ నెల ఒకటో తారీఖున ఒంగోలులో ఏర్పడిన సంఘంలో సభ్యులు ఎనిమిది మందే. చింతతోపులో దొర చేసింది ప్రశ్నలడగడం, జవాబులు వినడం. వాళ్లను అక్కడికి చేర్చింది పేరయ్య చుట్టరికాలు.

1876-78 కరువు సంగతి మీకు తెలిసిందే. ఆకలితో ఉన్నవాళ్లకు పని కల్పించడానికి క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల మేర తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. పనివాళ్ల మీద అజమాయిషీకి పెట్టింది పల్లెల నుంచి వచ్చిన ప్రచారకుల్నే. గంజి కోసం మతం మారారన్న మాట వస్తుందని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఈ అంకె మన పుస్తకాలన్నింటిలోనూ ఉంది. ఆ జనంలో ఎవరెవరో దొరకెలా తెలుస్తుంది? ఏ ప్రచారకుడి పల్లెలవాళ్లను ఆ ప్రచారకుడే గుర్తుపట్టి పూచీపడ్డాడు. ఇది మాత్రం పుస్తకాల్లో ఒక వాక్యానికి మించి దొరకదు.

ఇంతవరకు చెప్పింది మనకు బాగానే ఉంటుంది. రెండో సగం అంత బాగుండదు. బంధుత్వం మీద నడిచిన విశ్వాసం బంధుత్వం ఎంతవరకు ఉందో అంతవరకే వెళ్లింది. మాదిగ పేరయ్య మాట మాదిగ ఇళ్లకు వెళ్లింది. కృష్ణా తీరంలో 1859లో బాప్తిస్మం పొందిన రాఘవాపురం పగోలు వెంకయ్య మాట మాల ఇళ్లకు వెళ్లింది. ఏ మిషను ఎవరి దగ్గర మొదలైతే ఆ సంఘం వాళ్లదైంది. ఒకే ప్రభువు బల్లకు వచ్చేవాళ్లు ఒకరింట ఒకరు వియ్యమందుకోలేదు. 1955లో మిషనరీ డోనాల్డ్ మెక్‌గావ్రన్ ఇలాంటి ఉద్యమాలను చూసి, మనుషులు తమ కులం, భాష దాటకుండానే క్రైస్తవులు కావడానికి ఇష్టపడతారని సిద్ధాంతం చేశాడు. జరిగినదాన్ని ఆయన సరిగ్గానే చూశాడు. దాన్నే పద్ధతిగా పెట్టుకోమనడం దగ్గర నేను ఆయనతో లేను.

ఇక బంధుత్వపు గీత దాటి వచ్చిన ఒకరిని చూడండి. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో దోర్నకల్ వచ్చిన తమిళుడు. ఆయనకు ఇక్కడ చుట్టాలు లేరు, తెలుగు కూడా వచ్చాకే నేర్చుకున్నాడు. మరుసటి ఏడు ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో నిలబడి, మిషనరీలు ఎన్నో ఇచ్చారుగాని భారతీయ సహోద్యోగిని స్నేహితుడిగా చూడలేదని మొహం మీదే చెప్పాడు. సభలో కొందరికి అది రుచించలేదు. 1912లో ఆయనే దోర్నకల్ బిషప్పయ్యాడు. రక్తసంబంధం లేనిచోట చుట్టరికం చేసిన పనిని స్నేహం చేయగలదా అన్నది ఆయన జీవితమంతా వేసుకున్న ప్రశ్న అని నేననుకుంటాను. అయితే ఈమధ్య స్నేహాన్నే సువార్త పద్ధతిగా నేర్పే శిక్షణ తరగతులు నడుస్తున్నాయి. ఫలానా మనిషిని మార్చడానికని చేసే స్నేహం ఆ మనిషికి మూడోరోజే తెలిసిపోతుంది.

మనుషుల మధ్య ఈ దగ్గరితనాన్నీ దూరాన్నీ సాహిత్యం చరిత్ర కంటే బాగా పట్టుకుంది. కల్యాణరావు నవల ‘అంటరాని వసంతం’లో కరువుకు ఊరొదిలి కాలువ పనికి వచ్చిన శివయ్య, శశిరేఖలకు క్రైస్తవం మొదట ఒక మనిషి ఆదరణగా ఎదురవుతుంది, బోధ తర్వాత వస్తుంది. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన జాషువా జీవితంలో, చర్చి లోపలా బయటా తనవాళ్లనుకున్నవాళ్లే దూరం పెట్టిన అనుభవాలు ఎన్నో.

పరిశోధక మిత్రులకు నా విన్నపం. దొరల నివేదికలు విదేశీ గ్రంథాలయాల్లో భద్రంగా ఉన్నాయి, అవి ఎక్కడికీ పోవు. మన పల్లె సంఘాల బాప్తిస్మపు రిజిష్టర్లు, పెళ్లి పుస్తకాలు చెదలు పడుతున్నాయి. ముందు వాటికి నకళ్లు తీయండి. ఎవరింటికి మొదట ఎవరు తెచ్చారు, వాళ్లకు వీళ్లేమవుతారు అని ఎనభై దాటిన అవ్వల్ని అడిగి, వాళ్లు వాడిన వరసలతో సహా రాసుకోండి. ముఖ్యంగా ఆడవాళ్ల పేర్లు రాసుకోండి, నాగమ్మ గురించి మనకు తెలిసింది మరీ తక్కువ. వచ్చే సదస్సులో అలాంటి పత్రాలు నాలుగైనా వినాలని కోరుకుంటూ, మొదటి పత్ర సమర్పకులను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.