మట్టిలో కలిసిన విత్తనమునకు పరిహారము

దంతాలపల్లి మండలమందలి పంచాయతీ సభ్యులారా,

పత్తి మొలవకపోయినను, మిరప కాయకపోయినను మన రైతు తన కర్మమని ఊరకుండుట మేము చూచుచున్నాము. గట్టిగా అడిగినచో, విత్తనము చూపుము, పరీక్షింపింతమందురు. మట్టిలో కలిసినదానిని ఎట్లు చూపగలడు?

ఆంధ్రప్రదేశ్ రైతులకును జాతీయ విత్తన సంస్థకును నడచిన వ్యాజ్యములో ఈ ప్రశ్నయే సుప్రీంకోర్టుకు వచ్చినది. 2012 జనవరిలో తీర్పు రైతు పక్షమున వెలువడినది. రైతు వినియోగదారుడే, పరీక్షకని విత్తనము దాచియుంచునని ఆశించరాదు, నమూనాలను సంస్థయే పరీక్షింపించియుండవచ్చునని న్యాయస్థానము పలికినది.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, రెండేండ్లలోగా, తాను నివసించు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు. వకీలు లేకయే వాదించుకొనవచ్చును. స్ప్రేయరు, మోటారు లోపమువలన దేహమునకు గాయమైనను తయారీదారుని పరిహారమడుగుటకు ఇదే చట్టము ఆధారము.

అయినను సాక్ష్యము కావలెను. రసీదు, లాట్ సంఖ్య గల ఖాళీ సంచి భద్రపరచవలెను. పైరు దున్నివేయకముందే వ్యవసాయాధికారికి వ్రాసియిచ్చి, పొలము చూపి, నివేదిక పొందవలెను. ఉద్దెరకు కొన్నవానికి రసీదు ఇయ్యని దుకాణములు కలవు. సభ్యులు కలుగజేసుకొనవలసినది అచ్చటనే. అదియు విత్తుటకు ముందే.