కపిలాంఛనము: కిల్డేర్ ఎర్ల్ బిరుద చరిత్ర



అర్జునుని ధ్వజముపై హనుమంతుడు నిలిచిన కథ వినని తెలుగు బిడ్డ యుండడు. తూర్పు చాళుక్యుల తామ్రశాసనములకు వరాహముద్ర కలదని చరిత్ర చదివినవా రెఱుగుదురు. అట్టి శ్రోతలకు ఐర్లండులో నొక ప్రభువంశము తన డాలునకు ఇరుప్రక్కల రెండు కోతులను నిలుపుకొన్నదనిన అంతగా వింత తోపదు.

ఆ వంశము ఫిట్జ్‌జెరాల్డులది. వారి డాలు మిక్కిలి నిరాడంబరము: వెండి నేలపై మూలనుండి మూలకు సాగిన ఎఱ్ఱని వాలుశిలువ, అంతే. డాలుపైన శిఖరముగా నొక కోతి, ప్రక్కల రెండు కోతులు. మూడింటి నడుములకును బంగారు పట్టెడయు గొలుసును. క్రింద ‘క్రోం అబూ’ అను నినాదము. క్రోం వారి కోట పేరు. దానికే జయమని భావము. ఈ యుద్ధనినాదమును 1495లో శాసనము చేసి నిషేధించిరి. నిషేధింపబడిన కేకయే నేటికిని వారి బిరుదవాక్యము.

కోతికథ యిది. వుడ్‌స్టాక్ కోటకు నిప్పంటుకొనగా పరుగెత్తిన సేవకులు పసివాడైన జాన్‌ను మఱచిరట. తిరిగివచ్చి చూడగా గది బూడిద. ఇంతలో బురుజుపై పెంపుడుకోతి శిశువును పొదివి పట్టుకొని కనబడినదట. దెస్మండు శాఖవారును ఇదే కథను తమ పూర్వుడగు థామస్‌కు, ట్రాలీ పట్టణమునకు అంటగట్టుదురు. ఒక్క కోతి రెండిండ్ల బిడ్డలను కాచినదనుట నమ్మ శక్యము కాదు. కథ కథయే. కాని ఆ జాన్‌కే 1316 మే నెలలో రెండవ ఎడ్వర్డు రాజు కిల్డేర్ ఎర్ల్ పదవి నొసగెను. నాలుగు నెలలైన నిండకముందే అతడు మరణించెను.

రెండు శతాబ్దులకు పిమ్మట వంశమునకు నిజమైన అగ్నిపరీక్ష వచ్చెను. తొమ్మిదవ ఎర్ల్‌ను ఎనిమిదవ హెన్రీ లండనుకు పిలిపించెను. తండ్రి శిరచ్ఛేద మైనదను వదంతి కుమారుడు థామస్ చెవిని పడెను. 1534 జూన్ 11న ఆ యువకుడు డబ్లిన్‌లో, మంత్రాలోచన సభలో, రాజఖడ్గమును క్రింద పడవైచి తిరుగుబాటు ప్రకటించెను. వదంతి అబద్ధము, తండ్రి అప్పటికి సజీవుడే! కొడుకు చేసినది విన్న కొద్ది నెలలకు ఆయన లండను కోటలోనే కన్నుమూసెను. ప్రాణభిక్ష దొరకునని నమ్మి 1535లో లొంగిన థామస్‌ను, ఐదుగురు పినతండ్రులతోకూడ 1537 ఫిబ్రవరి 3న టైబర్న్‌లో వధించిరి. ఆ యేవురిలో కొందఱు తిరుగుబాటున చేరనే లేదు.

బిరుదు రద్దయ్యెను. మిగిలినది సవతితమ్ముడు జెరాల్డ్. పదేండ్ల ప్రాయపు బాలుడు. అతనిని మేనత్తయు బంధువులును ఇంటింట దాచి, 1540లో ఓడనెక్కించి ఫ్రాన్సుకు దాటించిరి. ఇటలీలో పెరిగిన ఆ బాలునికి 1554లో మేరీ రాణి ఎర్ల్ పదవిని తిరిగి యొసగెను. ఈ సారి శిశువును కాచినది మనుష్యులు. డాలుపై వారికి చోటు దొరకలేదు.

1766లో ఇరువదవ ఎర్ల్ లీన్‌స్టర్ డ్యూక్ అయ్యెను. ఆయన కుమారుడు లార్డ్ ఎడ్వర్డ్, ఐరిష్ స్వాతంత్ర్యోద్యమమున చేరి, పట్టువడునప్పుడు తగిలిన గాయముతో 1798 జూన్ 4న చెఱలో మరణించెను. ఆ కుటుంబము డబ్లిన్‌లో కట్టించిన లీన్‌స్టర్ భవనమున 1922 నుండి ఐర్లండు పార్లమెంటు కొలువుతీరుచున్నది.