పేటియా బరువు ఎవరిది?

(గాంధారిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈ గాంధారి చుట్టూ ఉన్న తండాల్లో పెద్ద వయసు లంబాడా స్త్రీలు కొందరు ఇంకా పేటియా, కాంచళి వేసుకుని, తలమీద టుక్రి కప్పుకుంటారు. వాళ్ల కూతుళ్లు చీరల్లోకి, మనవరాళ్లు పంజాబీ డ్రెస్సుల్లోకి మారారు. 'సంస్కృతి పోతోంది' అని బాధపడేవాళ్లను నేనొకటే అడుగుతాను. మగవాళ్లు ధోవతి, తలపాగా వదిలి ప్యాంట్లు తొడిగినప్పుడు ఇంత బాధ ఎందుకు కలగలేదు?

బంజారాలు ఒకప్పుడు ఎడ్లమీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశమంతా తిరిగిన వర్తకులు. రైళ్లొచ్చాక ఆ బతుకుతెరువు పోయింది. 1871 నాటి నేరస్త తెగల చట్టం వాళ్లలో చాలామందిని పుట్టుకతోనే నేరస్తుల్ని చేసింది. ఆ చట్టం రద్దయింది 1952లో. అనుమానపు చూపు మాత్రం రద్దు కాలేదు. దూరం నుంచే కనిపించే గుర్తు ఆడవాళ్ల బట్టలే కాబట్టి ఆ చూపు ముందు వాళ్లమీదే పడింది.

తెలంగాణ లంబాడాలకు ఎస్టీ గుర్తింపు 1976 చట్టంతో వచ్చింది. మహారాష్ట్రలో వాళ్లు విముక్త జాతి, కర్ణాటకలో ఎస్సీ. సరిహద్దు దాటితే జాబితా మారుతుంది, పేటియా మారదు.

అయితే ఈ దుస్తుల్ని ఆకాశానికెత్తడం కూడా నాకు సమ్మతం కాదు. చెంపల పక్కన వేలాడే వెండి ఘుగ్రి, మోచేతి పైన వేసే గాజులు పెళ్లైనదానికి గుర్తు. భర్త పోతే తీసెయ్యాలి. భార్య పోయిన మగవాడి ఒంటిమీంచి తియ్యడానికి ఏముంది?

ఒక తండాలో ఓ యాడిని కాంచళి కుట్టడానికి ఎన్నాళ్లు పట్టిందని అడిగాను. నవ్వింది. పొలం పని, వంట పని అయ్యాక కుట్టినదానికి లెక్కేమిటంది. అద్దాలు, గవ్వలు, పూసలు కుట్టిన ఆ శ్రమను మనమూ లెక్కపెట్టలేదు. కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇక్కడ మాత్రం మంత్రుల స్వాగతాలకు డాన్సు చేసేటప్పుడే పేటియా గుర్తొస్తుంది.

తీజ్ పండుగకు అమ్మాయిలు ఇష్టంగా పేటియా వేసుకుంటారు. మర్నాడు కాలేజీకి వేసుకోరు. ఆ రెండూ వాళ్ల నిర్ణయాలే. పేటియా వేసుకున్నందుకు బస్సులో ఎగతాళి ఉండకూడదు, వదిలేసినందుకు తండాలో నింద ఉండకూడదు. కుట్టిన చేతికి కూలి రావాలి. వెండి తాకట్టు పెట్టేముందు దాన్ని ధరించిన మనిషిని అడగాలి. మన పని అక్కడ మొదలవుతుంది.